సాయం చేసినవారి పేరు

తొంభై ఏడు ఎండాకాలంలో మా సాముదాయక కళాశాలలో కంప్యూటర్లకు కూలరు ఉండేది, పిల్లలకు లేదు.

కళాశాల అన్నానని మెట్లూ స్తంభాలూ ఊహించుకోవద్దు. ధర్మపురి పోయే రోడ్డు మీద ఒకప్పుడు తునికాకు నిల్వ చేసిన గోదాము అది. మధ్యలో ఇటుక గోడ లేపి రెండు గదులు చేశారు. ఒకదాంట్లో కంప్యూటర్ల మరమ్మత్తు, వాటితో వేగేవాళ్లకు సహాయం చేయడం నేర్పే కోర్సు. రెండోదాంట్లో ఇంకా బడి ఈడు రాని పిల్లలకు చదువు చెప్పడం నేర్పే కోర్సు, పేరు శిశువిద్య. కంప్యూటర్ల గదిలోకి పోవాలంటే చెప్పులు విడవాలి, కాళ్లు తుడుచుకోవాలి, పరదా ఎత్తుకుని ఒంగి పోవాలి. మా గదిలోకి మేకలు కూడా అడగకుండానే వచ్చేవి.

నేను శిశువిద్యలో చేరాను. ముప్పై ఎనిమిదేళ్లు, పెట్టె అడుగున బి.ఏ. పట్టా, హాస్టల్లో ఇద్దరు పిల్లలు, పొద్దంతా ఎరువుల దుకాణంలో ఉండే భర్త. చేరతానంటే మా ఆయన జనార్దన్‌రావు పేపరులోంచి తలెత్తకుండానే, మన ఇద్దరిని హాస్టలుకు తోలి ఊరోళ్ల పిల్లలను సాకుతవా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మర్నాడు పోయి ఫీజు కట్టేశాను.

మేం పదకొండు మందిమి. ఫిబ్రవరిలో ప్రిన్సిపాల్ లింగమూర్తి సారు మమ్మల్ని కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పారు. జూన్‌లో కళాశాల తరఫున శిశువిహార్ తెరుస్తారు. దానికి ఒక టీచరు, ఒక ఆయా కావాలి. మాలో ఫస్టు వచ్చిన మనిషే టీచరు. ఆయా మాత్రం, పిల్లల దగ్గర మంచిగా పనిచేసిందని మాలో ఎవరైనా తమ రికార్డులో పేరు రాసిన మనిషై ఉండాలి. ఇక రికార్డంటే, ఒక పిల్లల గుంపును నలభై రోజులు ఒంటరిగా నడిపి, చేసిందంతా రాయడం. అచ్చు వేసి ఇచ్చిన కాగితంలో ఆరో నియమం ఇలా ఉంది: ఇతరుల సహాయం పొందినచో మార్కులు తగ్గించబడును. ఈ రెండూ ఒకదాని మెడ ఒకటి పట్టుకుని ఉన్నాయని ఆ రోజు ఎవరమూ గమనించలేదు.

మా ఇంటి వెనక పశువులు లేని పశువుల కొట్టం ఉంది. సున్నం వేయించి, గోడకు ఏనుగు బొమ్మ అతికించి, బీడీల వాడ నుంచి పన్నెండుమంది పిల్లలను పోగేశాను. మూడు గంటలు చేతులు ఆడించుకోవచ్చని తల్లులు సంతోషంగానే పంపారు. మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికి పన్నెండుమందీ ఒకేసారి ఏడుపు అందుకున్నారు. శిశువు ఏడ్చినప్పుడు అతని భావాలను గౌరవించవలెను అని పుస్తకంలో ఉంది. అరగంట సేపు గౌరవించాను. ఏడుపు పెరిగింది.

బోరింగు దగ్గర గిన్నెలు తోముతున్న కొమురవ్వ తడి చేతులతోనే వచ్చింది. కొమురవ్వ మా ఇంట్లో పదేళ్లుగా పనిచేస్తున్నది. మా పని అయ్యాక మిగతా పొద్దంతా బీడీలు చుడుతుంది. అందరికంటే గట్టిగా ఏడుస్తున్న పిల్లవాడి చేతిలో, నిండా నీళ్లు పోసిన గ్లాసు పెట్టింది.

"గా మూలకున్న కుండల పోసి రా బిడ్డా. ఒక్క సుక్క కింద పడొద్దు."

వాడు గ్లాసు మీదే చూపు పెట్టి నడిచాడు. నిండు గ్లాసు పట్టుకుని నడుస్తూ ఏడవడం ఎవరి వల్లా కాదని అప్పుడే నాకు తెలిసింది. కాసేపట్లో మిగతా పదకొండుమందీ గ్లాసుల కోసం వరుసగా నిలబడ్డారు. ముక్కులు కారుతున్నాయి గాని ఏడుపు లేదు.

నేను ఇంట్లోంచి పేము కుర్చీ తెచ్చుకుని రాసుకున్నాను.

ఇక రోజూ అదే ఏర్పాటు. గోడవారగా కుర్చీలో నేను, ఒళ్లో నోటుబుక్కు. కింద పిల్లల మధ్య కొమురవ్వ. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. దొరసాని పైన, కొమురవ్వ కింద అన్నది మా ఇద్దరికీ ఎప్పటి అలవాటో. పరీక్ష కుర్చీలో కూర్చున్న మనిషిదని ఆ అలవాటుకు ఎవరు చెప్పాలి?

లెక్కలు నేర్పడానికి రంగు పూసలు కొనాలని పుస్తకం. కొమురవ్వ బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు కొంగున కట్టుకొచ్చి, బీడీ కట్టకు ఉన్నట్టే ఇరవై ఐదు చొప్పున పేర్పించేది. పక్కవాళ్లను కొరికే పిల్లవాడొకడుంటే, నోరు ఖాళీగున్నందుకే కొరుకుతుండని వాడి జేబులో నాలుగు పుట్నాలు వేసింది. కొరకడం మానేశాడు. మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని ఇవన్నీ నేను రికార్డులోకి ఎక్కించేదాన్ని. తునికాకు ముక్కలు "స్థానిక సామగ్రితో సంఖ్యాభావన" అయ్యాయి. పుట్నాలు "శిశువు నోటి అవసరాలకు ప్రత్యామ్నాయ తృప్తి" అయ్యాయి. రెండు చోట్లా ఆ పని చేసింది "నేను".

సక్కుబాయి అని ఐదేళ్ల పిల్ల ఉండేది. ఇంట్లో తప్ప బయట నోరు విప్పదు. పన్నెండు రోజులు నేను బొమ్మలు చూపించి ఇదేమిటి, అదేమిటి అని అడిగాను. ఠాణాలో కూర్చోబెట్టిన మనిషిలాగా నన్ను చూసేది. పదమూడో రోజు కొట్టంలోకి మేక వస్తే కొమురవ్వ దాన్ని పట్టుకుని, అగో కుక్కచ్చింది, మంచి కుక్క అని గడ్డం నిమిరింది. సక్కుబాయి ఇబ్బందిగా కదిలింది. మర్నాడు కొమురవ్వ ఆ కుక్క ఎంత బాగా మొరుగుతుందో మెచ్చుకుంది. మూడో రోజు, ఈ కుక్కకు కొమ్ములు గూడ మొలిసినయ్ అనేసరికి ఆ పిల్ల ఇక ఓర్చుకోలేకపోయింది.

"గది మేక."

కొమురవ్వ చెవి దగ్గర చేయి పెట్టుకుంది. వినపడలేదన్నట్టు ముందుకు వంగింది.

"మేక! గది మేక అవ్వా!"

"గట్లనా బిడ్డా. నాకెవ్వలు చెప్పలే" అన్నది కొమురవ్వ.

ఆ రోజు నుంచి సక్కుబాయి నోరు మూతపడలేదు. కొట్టంలో కనబడ్డ ప్రతిదానికీ పేరు చెప్పి మమ్మల్నందరినీ సరిదిద్దేది. నా రికార్డు మొత్తంలో అందమైన పేజీ అదే. "శిశువు నన్ను సరిదిద్దే అవకాశం కల్పించుట ద్వారా" అని మొదలవుతుంది.

మార్చి చివర్లో ఒకనాడు కొమురవ్వ తోమిన గిన్నెలు బుట్టలో బోర్లిస్తూ ఆయా పని సంగతి ఎత్తింది. బిడ్డ అనసూర్య కంప్యూటర్ల కోర్సులోనే ఉంది కాబట్టి అంతా తెలుసు. కుడిచేతి బొటనవేలికి ఇప్పుడు స్పర్శ తెలియడం లేదట. చుట్టిన బీడీల్లో సగం కంపెనీవాళ్లు పక్కకు పారేస్తున్నారట. ఇంకో ఏడాదైతే ఆకు ఇవ్వడమే మానేస్తారు.

"మీ బుక్కుల జర నా పేరు రాయుండ్రి దొరసానీ. ఒక్క తాన రాస్తె సాలట."

"రాస్త తియ్యి కొమురవ్వా" అన్నాను.

అన్నప్పుడు నిజంగా రాద్దామనే అన్నాను. మధ్యాహ్నం కాగితం తీసి ఆరో నియమం మళ్లీ చదివాను. రేపు రాద్దామనుకున్నాను.

ఏప్రిల్‌లో లింగమూర్తి సారుకు ఒక ఆలోచన వచ్చింది. మా రికార్డులను కంప్యూటర్ల కోర్సువాళ్లు టైపు చేయాలి, వాళ్లకు అదే పరీక్ష. నా వంతుకు అనసూర్య వచ్చింది. ఇంటర్ పాసైన పిల్ల, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉంటుంది. తల్లి నన్ను దొరసానీ అంటే బిడ్డ మేడం అనేది. అది మర్యాదో, హద్దు గీయడమో నాకు ఎప్పుడూ తేలలేదు. కంప్యూటర్ కదలకుంటే దాన్ని తిట్టకుండా ముందు వైరు పెట్టి ఉందో లేదో చూడాలి అన్నది వాళ్ల మొదటి పాఠమట. మా కోర్సులో అంత పనికొచ్చే పాఠం నాకొక్కటీ తగల్లేదు.

కూలరు గాలిలో ఆమె పక్కన కూర్చుని నేను చదువుతుంటే ఆమె టైపు కొడుతూ పోయింది. గ్లాసు పేజీ అయింది. పుట్నాల పేజీ అయింది. మొహంలో ఏ మార్పూ లేదు. మేక దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి. నా చేతిలోంచి కాగితం తీసుకుని తనే చివరి దాకా చదువుకుంది.

"మా అవ్వ నన్ను గూడ గిట్లనే మాట్లాడిపిచ్చిందట" అని, మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.

అంతా అయ్యాక తన పరీక్ష ఫారం తీసింది. ఎవరికి సాయం, ఏం సాయం, సాయం చేసినవారి పేరు అని అందులో మూడు గీతలున్నాయి. మూడో గీత మీద తన పేరు ఇంటిపేరుతో సహా రాసి, నన్ను కింద సంతకం పెట్టమంది. పెట్టాను.

"మా కోర్సుల సాయం చేసినోళ్ల పేరు రాయకుంటె మార్కులు రావు మేడం. మీ కోర్సుల రాస్తె రావా?"

మా కోర్సు వేరమ్మా అన్నాను. అట్లనా అన్నది. నా రికార్డు చివరి పేజీ అడుగున "సాయం చేసినవారి పేరు" అని కొట్టి, పక్కన గీత వదిలి, ప్రింటు తీసి చేతిలో పెట్టింది. ఖాళీ ఇడిసిన, మీరే రాసుకోండ్రి అన్నది.

ఆ కాగితం రెండు రోజులు నా బీరువాలో ఉంది. మూడో రోజు ఆ గీత మీద "శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఆశీస్సులు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. అప్పుడది నాకు చాలా తెలివైన పనిగా తోచింది.

మే మొదటి వారంలో కరీంనగర్ నుంచి పరీక్ష చేయడానికి నిర్మలాదేవి మేడం వచ్చారు. కొమురవ్వ పెట్టెలోని నేతచీర తీసి కట్టుకుంది. కొట్టం ఊడ్చి, నీళ్లు చల్లి, పిల్లలందరి ముక్కులు తుడిచింది. పరీక్ష నాది ఒక్కదానిదే గనక బయట నిలబడమన్నాను. గట్లనే అని గడప అవతల నిలబడింది. పేరు రాసిండ్రా అని అడగలేదు. రాస్తానన్నాను కదా, రాశాననే నమ్మకం.

మేడం రికార్డు శ్రద్ధగా చదివారు. మేక పేజీ రెండుసార్లు చదివి, పాతికేళ్లలో ఇట్లాంటిది చూడలేదన్నారు. చివర్లో స్వామివారి పేరు చూసి, దేవుని సాయానికి మార్కులు తగ్గించాలని ఎక్కడా లేదులే అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత పుస్తకం మూసి, పిల్లలను బడి ఆట ఆడమన్నారు. టీచరు ఎవరు అంటే అందరూ సక్కుబాయిని ముందుకు తోశారు.

సక్కుబాయి ముందుగా నా పేము కుర్చీ కావాలన్నది. లేచి ఇచ్చాను. ఎక్కి కూర్చుని కాలు మీద కాలు వేసుకుంది. పలక ఒళ్లో పెట్టుకుని బలపంతో బరబరా రాయడం మొదలుపెట్టింది. పిల్లలు ఆటకోసం ఏడ్చారు, గిచ్చుకున్నారు, ఒకడు దొర్లాడు. టీచరు తలెత్తలేదు. గోల బాగా పెరిగాక, రాస్తున్న చేయి ఆపకుండా, అచ్చం నా గొంతుతో పిలిచింది.

"కొమురవ్వా, గా పోరడు ఎందుకేడుస్తుండో సూడు."

తరువాత పలక రెండో వైపుకు తిప్పింది.

"ఇప్పుడేం జేసినవ్ కొమురవ్వా? మల్లొకసారి చెప్పు, రాసుకుంట."

పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్లకు అందులో నవ్వేదేముంది? బడి అంటే అదే.

నిర్మలాదేవి మేడం కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"కొమురవ్వ ఎవరమ్మా?"

తన పేరు వినగానే కొమురవ్వ కొంగు సర్దుకుని ఒక అడుగు లోపలికి వేసింది. పిలుస్తున్నారనుకుంది.

"మా పనామె" అన్నాను. "కొట్టం ఊడ్వనీకె వస్తది."

మేడం కొమురవ్వ వైపు చూశారు. కొమురవ్వ నా వైపు చూసింది. ఎక్కువసేపేం కాదు. తరువాత వంగి తలుపు వెనక నుంచి చీపురు తీసుకుంది. నేతచీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, పొద్దున తానే ఊడ్చి నీళ్లు చల్లిన నేలను ఆ మూల నుంచి ఊడవడం మొదలుపెట్టింది. పిల్లలు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. మేడం కూడా లేచి కుర్చీ జరుపుకున్నారు. నా ఒక్కదాని మాట చాలదేమోనని కొమురవ్వకు తోచినట్టుంది.

మేడం పెన్ను తీశారు. నూటికి ఎనభై తొమ్మిది వేశారు.

నేను ఫస్టు వచ్చాను. మా పదకొండు మందిలో ఒకామె మాత్రం ఆరో నియమాన్ని లెక్కచేయకుండా, తనకు సాయం చేసిన మేనత్త భూమవ్వ పేరు నాలుగు చోట్ల రాసిందట. ఆమెకు మార్కులు తగ్గాయి. భూమవ్వకు ఆయా పని వచ్చింది. మా ఆయన దుకాణానికి వచ్చిన రైతులందరికీ పేడాలు పంచి, ఇంటికొచ్చి నా రికార్డు చదివారు. నీకింత తెలుసా సరళా, మన పిల్లలేడిస్తె గదిల ఏసి తలుపు పెట్టెడిదానివి గద అన్నారు. వెక్కిరింత లేదు, ఆశ్చర్యమే. వెక్కిరించి ఉంటే తేలికగా ఉండేది.

కొమురవ్వ ఎప్పటిలాగే పనికి వచ్చింది. ఆ రోజు మాట ఎత్తలేదు. మీరు ఫస్టచ్చిండ్రట, బిడ్డ చెప్పింది అని, నోరు తీపి చేసుకుంటానని చిటికెడు చక్కెర అడిగింది. డబ్బా మూత నాకు ఎంతకీ రాలేదు. ఆమే తీసుకుని తెరిచింది.

నాలుగో రోజు లింగమూర్తి సారు దగ్గరికి బయలుదేరాను. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా వల్లించుకున్నాను. నలభై రోజులూ పిల్లలను చూసింది కొమురవ్వే. నేను రాసుకున్నాను, అంతే. ఆయా పని ఆమెకు రావాలి. నా టీచరు పని ఎవరికన్నా ఇవ్వండి. అక్కడికి పోయి కూర్చున్నాక కొమురవ్వ పిల్లలను బాగా చూసుకుందని చెప్పాను, ఆయా పని ఇస్తే బాగుంటుందని చెప్పాను. చూసింది ఆమె ఒక్కతేననీ, నా పని ఎవరికన్నా ఇవ్వమనీ చెప్పలేదు.

సారు ఓపికగా విన్నారు. నా రికార్డు అప్పటికే హైదరాబాదుకు పోయిందట. కంప్యూటర్ మీద అచ్చయిన రికార్డని అక్కడివాళ్లు ఖుషీగా ఉన్నారట.

"ఇప్పుడు మీరిట్లంటె కాలేజీ పేరేంగావాలె మేడం? మీరు మంచోళ్లు గనుక పనామెను గూడ పెద్ద చేస్తుండ్రు. ఫికరు పెట్టుకోకుండ్రి. మర్చిపోండ్రి."

మర్చిపొమ్మనగానే ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. తెప్పించిన టీ తాగాను. రెండు బిస్కెట్లు కూడా తిన్నాను.

ఇంటికి వచ్చేసరికి కొమురవ్వ బోరింగు దగ్గర ఉంది. సారుతోని నీ గురించి మాట్లాడిన కొమురవ్వా, కాదన్నడు అని చెప్పాను. అందులో ఒక్క అబద్ధం లేదు. దారిలో అంత జాగ్రత్తగా ఏరి పెట్టుకున్న మాటలు. కొమురవ్వ చేతిలోని గిన్నె అట్లాగే పట్టుకుని నన్ను చూసింది.

"నా కోసం ఆడిదాక పోయిండ్రా, గీ ఎండల? గది సాలు దొరసానీ."

సాయంత్రానికి బీడీల వాడంతా తెలిసిపోయింది. వారం తరువాత శిశువిహార్‌కు పిల్లల పేర్లు రాసుకోవడానికి ఆ వాడకు పోతే, ఆడవాళ్లు ఒళ్లోని చాటలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. ఒకామె పీట వేసింది, ఒకామె మజ్జిగ తెచ్చింది. కొమురవ్వ అరుగు మీద అనసూర్య మాత్రం మోకాళ్ల మీద కంప్యూటర్ల పుస్తకం పెట్టుకుని చదువుకుంటున్నది. నన్ను చూసింది, లేవలేదు. ఆ వాడంతట్లో నాకు కాస్త ఊపిరాడింది ఆ అరుగు ముందే.

జూన్‌లో శిశువిహార్ తెరిచారు. భూమవ్వకు నీలం అంచు చీర ఇచ్చారు, నాకు సొరుగున్న బల్ల ఇచ్చారు. రెండో వారంలో ఒక పొద్దున కొమురవ్వ వాడలోని మూడేళ్ల పిల్లను నడిపించుకొచ్చింది. పిల్ల గేటు కమ్మీ పట్టుకుని వదలదు. బయటివాళ్లు గేటు దాటొద్దని భూమవ్వ ఆపింది. ఆ నియమం నేను పెట్టిందే. కొమురవ్వ అక్కడే నేల మీద కూర్చుంది. పిల్ల చెవిలో ఏదో చెబుతూ కమ్మీ మీది వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించింది. పిల్ల చక్కగా లోపలికి నడిచింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

భూమవ్వకు ముచ్చటేసింది.

"నీకింత ఎరుకున్నంక ఆయాగ నువ్వే రాకపోతివా అక్కా?"

"నా నసీబుల లేకపాయె" అన్నది కొమురవ్వ, దుమ్ము దులుపుకుని లేస్తూ. "మా దొరసాని ఎండల వడి పోయి నా కోసం సారుతోని కొట్లాడింది. ఆయన ఇనలే."

భూమవ్వ గేటు మీద చేయి వేసి నా వైపు తిరిగింది. అనుమానంతో కాదు, మంచి మాట ఒకటి విని పక్కా చేసుకుందామని.

"అవునా టీచరమ్మా, కొట్లాడిండ్రా?"

ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. కొమురవ్వ నవ్వుతున్నది.

అవునన్నాను.